నాలుగేళ్ల వాడకం తర్వాత డీసీ క్లాంప్ మీటర్: పాత కారులో కరెంట్ లీకేజీ పట్టుకోవడానికి ఎంతవరకు పనికొస్తుంది

ముందు కొనేటప్పుడే జరిగే పొరపాటు గురించి. వైరు విప్పకుండా, దాని చుట్టూ తెరిచి మూసే నోరు తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్లన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. చవకగా దొరికే వాటిలో చాలావరకు ఏసీ కరెంటును మాత్రమే కొలుస్తాయి. బ్యాటరీ వైరు చుట్టూ పెడితే అవి పనికొచ్చే రీడింగేమీ ఇవ్వవు. కారుకి కావాల్సింది లోపల హాల్ సెన్సర్ (అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే చిప్) ఉన్న డీసీ క్లాంప్. అందులోనూ 400, 600 ఆంప్స్ రేంజి ఉన్నవి సెల్ఫ్ మోటార్ లాగే కరెంటు చూడ్డానికి బాగుంటాయి గానీ, చాలావాటిలో చివరి అంకె 0.1 ఆంప్, అంటే 100 మిల్లీ ఆంప్స్. తాళం తీసేసిన కారు మామూలుగా లాగేది 20 నుంచి 50 మిల్లీ ఆంప్స్ అయినప్పుడు, ఆ మీటరుకి మంచి కారైనా చెడ్డ కారైనా ఒకటే. నేను వాడుతున్నది చిన్న నోరుతో 1 మిల్లీ ఆంప్ దాకా చూపే రకం. కింద రాసినదంతా దాని గురించే.

ఆ చిన్న అంకె ఎందుకంత ముఖ్యమో లెక్క చూస్తే తెలుస్తుంది. 50 మిల్లీ ఆంప్స్ లీకేజీ రోజుకి 1.2 ఆంపియర్ అవర్స్ తింటుంది. 45 ఆంపియర్ అవర్ బ్యాటరీ సగానికి రావడానికి దాదాపు 19 రోజులు. అదే డిక్కీలో ఒక్క 5 వాట్ల బల్బు ఆరకుండా ఉంటే 0.42 ఆంప్, రోజుకి 10 ఆంపియర్ అవర్స్. మూడో రోజు పొద్దున సెల్ఫ్ తిరగదు. 150, 200 మిల్లీ ఆంప్స్ లీకేజీలే అసలు తలనొప్పి: రోజూ తిరిగే కారులో బయటపడవు, నాలుగైదు రోజులు ఆపితే తెలుస్తాయి, ఈలోగా మంచి బ్యాటరీని మార్చేస్తారు.

మామూలు మల్టీమీటరుని నెగెటివ్ వైరుకీ టెర్మినల్‌కీ మధ్య సిరీస్‌లో పెట్టినా ఈ కొలత వస్తుంది, ఖచ్చితత్వంలో అదే మెరుగు కూడా. చిక్కల్లా బ్యాటరీ వైరు విప్పాల్సి రావడం. విప్పగానే అతుక్కుపోయిన రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) వదిలేస్తుంది, నిద్రపోకుండా మొరాయిస్తున్న అలారం బాక్సు రీసెట్ అవుతుంది, తిరిగి తగిలిస్తే లీకేజీ మాయం. రెండు రోజుల తర్వాత మళ్లీ మొదలు. దొంగ పారిపోయాక తలుపు తట్టినట్టే. క్లాంప్‌కి ఏదీ విప్పక్కర్లేదు. నాకు దీని విలువంతా ఇక్కడే ఉంది. మల్టీమీటరే ఉంటే ముందుగా నెగెటివ్ పోస్టు నుంచి బాడీకి ఒక జంపర్ వైరు వేసి, అప్పుడు టెర్మినల్ విప్పి, 10 ఆంప్స్ సాకెట్‌లో మీటరు పెట్టి, చివర జంపర్ తీయండి. కరెంటు ఒక్క క్షణం కూడా తెగదు. మీటరు అలా ఉండగా తాళం తిప్పితే మాత్రం లోపలి ఫ్యూజ్ పోతుంది.

ఇక దీని పెద్ద లోపం: సున్నా నిలవదు. నోరు ఉత్తరం వైపు ఉంటే ఒక అంకె, తూర్పు వైపు ఉంటే ఇంకొకటి. భూమి అయస్కాంతత్వమే 10, 20 మిల్లీ ఆంప్స్ తేడా తెస్తుంది. స్పీకర్ దగ్గరగా పెడితే ఇంకా ఘోరం. చేతిలో పట్టుకుని సున్నా చేసి, తర్వాత బానెట్ కిందికి తీసుకెళ్లి కొలిస్తే వచ్చే అంకెని నమ్మకండి. వైరు పక్కనే, కొలవబోయే దిక్కులోనే నోరు మూసి ఉంచి సున్నా చేయాలి, కదపకుండా తగిలించాలి. ఆ తర్వాత క్లాంప్‌ని తిరగేసి మళ్లీ కొలిచి, ప్లస్, మైనస్ గుర్తు వదిలేసి రెండు అంకెల సగటు తీయాలి. ఒకవైపు +68, తిరగేస్తే -52 వస్తే అసలు కరెంటు 60. సున్నా తేడా ఈ లెక్కలో చాలావరకు కొట్టుకుపోతుంది. ఒకసారి పెద్ద కరెంటు కొలిస్తే నోట్లో అయస్కాంతత్వం కొంత మిగిలిపోతుంది. రెండు మూడుసార్లు తెరిచి మూసి, మళ్లీ సున్నా చేయండి. ఎండలోంచి నీడలోకి తెచ్చినా ఐదు నిమిషాలు ఆగాలి.

చిన్న కరెంట్లకి ఇంకో ఉపాయం ఉంది. వైరుని నోట్లోంచి ఐదు చుట్లు తిప్పితే మీటరు ఐదింతలు చూపిస్తుంది, దాన్ని ఐదుతో భాగిస్తే సరి. బ్యాటరీ కేబుల్ చుట్టలేం కాబట్టి, పీకిన ఫ్యూజ్ స్థానంలో పెట్టడానికి అదే ఆంప్స్ ఫ్యూజ్ మధ్యలో ఉన్న ఒక పొడవాటి వైరు చుట్ట చేసి పెట్టుకుంటే చాలు.

కొలిచే ముందు కారుని పార్క్ చేసినట్టు నమ్మించాలి. డోర్ తెరిచి, లాచ్‌ని స్క్రూ డ్రైవర్‌తో మూసినట్టు నొక్కేయండి, లేకపోతే ఫ్యూజ్ బాక్స్ చూడ్డానికి డోర్ తెరిచిన ప్రతిసారీ రూమ్ లైటు వెలుగుతుంది. బానెట్ కింద లైటుంటే దాని బల్బు తీసేయండి. కంప్యూటర్లు లేని కారైతే రీడింగ్ వెంటనే నిలుస్తుంది. సెంట్రల్ లాకింగ్, అలారం ఉంటే అరగంట ఆగి చూడాలి. నెగెటివ్ పోస్టుకి ఇంజిన్ ఎర్త్, బాడీ ఎర్త్ అని రెండు వైర్లుంటే రెండూ ఒకే దిక్కున నోట్లో పట్టాలి. ఒక్కటే పట్టి లీకేజీ లేదనుకోవడం చాలా తరచుగా జరిగే తప్పు.

లీకేజీ ఉందని తేలాక పాజిటివ్ వైర్లను విడివిడిగా కొలవండి. సెల్ఫ్ మోటార్‌కి వెళ్లే లావు కేబుల్‌లో, ఫ్యూజ్ బాక్స్‌కి వెళ్లే సన్న వైరులో ఏది లాగుతోందో తెలిస్తే సగం వెతుకులాట తప్పుతుంది. చాలా పాత కార్లలో ఆల్టర్నేటర్ వైరు లావు కేబుల్ వైపే కలుస్తుంది, దానికి ఫ్యూజ్ బాక్స్‌తో సంబంధం ఉండదు. అందుకే ఫ్యూజులన్నీ పీకినా లీకేజీ తగ్గకపోతే మొదటి అనుమానం ఆల్టర్నేటర్ డయోడ్ (కరెంటును ఒకే దిక్కున పోనిచ్చే భాగం) మీదే. రాత్రంతా నిలిచిన కారులో పొద్దున ఆల్టర్నేటర్ గోరువెచ్చగా ఉంటే ఇక సందేహమే లేదు. నెగెటివ్ విప్పి, ఆల్టర్నేటర్ లావు వైరు తీసి, దాని కొనకి టేపు చుట్టి, మళ్లీ నెగెటివ్ తగిలించి కొలిస్తే రుజువవుతుంది.

ఫ్యూజ్ బాక్స్ దగ్గర మాత్రం క్లాంప్ చేతులెత్తేస్తుంది, నోరు పట్టే చోటుండదు. ఇక్కడ 0.1 మిల్లీవోల్ట్ చూపే మల్టీమీటరే దిక్కు. బ్లేడ్ ఫ్యూజ్ నెత్తిన కనిపించే రెండు లోహపు చుక్కల మీద పిన్నులు పెట్టండి. 10 ఆంప్స్ ఫ్యూజ్ నిరోధం సుమారు 7-8 మిల్లీ ఓమ్స్, కాబట్టి 1 మిల్లీవోల్ట్ అంటే దాదాపు 130 మిల్లీ ఆంప్స్. 20 ఆంప్స్ ఫ్యూజ్ మీదైతే అదే 1 మిల్లీవోల్ట్ దాదాపు 300. ఫ్యూజ్ పీకకుండానే ఏ సర్క్యూట్ లాగుతోందో తెలిసిపోతుంది. గాజు గొట్టం ఫ్యూజులున్న కార్లలో పిన్నుల్ని క్లిప్ మీద కాకుండా ఫ్యూజ్ మూతల మీదే పెట్టాలి, లేకపోతే తుప్పు పట్టిన క్లిప్ నిరోధం కూడా కలిసి పెద్ద అంకె వస్తుంది.

పాత కార్లలో తిరిగి తిరిగి దొరికేవి: తర్వాత బిగించిన స్టీరియోలో పసుపు, ఎరుపు రెండు వైర్లూ కలిపి నేరుగా బ్యాటరీకి ఇచ్చేయడం, ఎవరూ గుర్తుంచుకోని పాత అలారం, బ్రేక్ పెడల్ స్విచ్ ఆనే రబ్బరు ముక్క పొడై రాలిపోవడం వల్ల వెలుగుతూ ఉండే బ్రేక్ లైటు. డిక్కీ, గ్లవ్ బాక్స్ లైట్ల కోసం ఫోన్‌లో వీడియో రికార్డింగ్ పెట్టి లోపల వదిలి మూత వేయండి. మీటరు కన్నా ఇదే త్వరగా చెబుతుంది.

క్లాంప్ చూపించలేని జబ్బులూ ఉన్నాయి. లీకేజీ 30 మిల్లీ ఆంప్సే ఉండి కూడా బ్యాటరీ దిగుతుంటే కరెంటు వేట ఆపేయండి. ఫుల్ ఛార్జ్ చేసి రాత్రంతా విడిగా ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టులకి దగ్గరగా ఉండాలి. 12.2 అంటే సగమే మిగిలినట్టు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. సెల్ఫ్ కొడుతుండగా నెగెటివ్ పోస్టుకీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య 0.3 వోల్టు దాటితే ఎర్త్ వైరు చెడినట్టే. బ్యాటరీ బాగున్నా సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరుగుతుంది, తప్పు బ్యాటరీ మీద పడుతుంది.

మీటరు మన్నిక విషయానికొస్తే, నోరు స్ప్రింగ్ ఇంకా గట్టిగానే ఉంది. అంచుల్లో సన్నటి ఇనప రజను చేరితే నోరు పూర్తిగా మూయక రీడింగ్ తగ్గుతుంది, పొడి గుడ్డతో తుడవాలి. లోపలి సెల్స్ నీరసపడ్డాక సున్నా మరీ పారిపోతుంది, తెర మీద బ్యాటరీ గుర్తు వెలిగే దాకా ఆగకుండా మార్చేయడమే మేలు. 15 నిమిషాలకి తనంతట తాను ఆగిపోవడం మాత్రం ఈ పనికి శుద్ధ దండగ. కారు నిద్రలోకి జారుకునే సమయానికే మీటరూ నిద్రపోతుంది, మళ్లీ ఆన్ చేస్తే మొదట పెట్టుకున్న సున్నా ఉండదు. కొనేముందు ఆ ఆటో ఆఫ్‌ని ఆపే వీలుందో లేదో మాన్యువల్‌లో చూసుకోండి.