నల్లగా మెరిసే ఫ్యాన్ బెల్ట్‌ని నమ్మకండి: సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు జాగ్రత్త

అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక్కసారి ఇది చదవండి. నెల క్రితం హైదరాబాద్‌లో ఒక యార్డులో 2014 మోడల్ డీజిల్ కారు కొన్నాను. పెయింటు, టైర్లు, ఆర్సీ, ఇన్సూరెన్స్ అన్నీ చూశాను. బానెట్ ఎత్తించి ఫ్యాన్ బెల్ట్ కూడా చూశాను. మా బాబాయి అంబాసిడర్ నడిపిన రోజుల్లో నేర్పిన పాఠం అది: పగుళ్లున్నాయేమో చూడు, బెల్ట్ తిరిగే రెండు చక్రాల (పుల్లీల) మధ్య బొటనవేలితో నొక్కు, అరంగుళం దిగితే చాలు. ఒక్క పగులు లేదు, నిగనిగలాడుతోంది. "మొన్ననే వేయించాం సార్" అన్నాడు యార్డు కుర్రాడు.

నాలుగో రోజు రాత్రి విజయవాడ వెళ్తుంటే నార్కట్‌పల్లి దాటాక ఎర్రగా బ్యాటరీ లైటు వెలిగింది. బానెట్ కింద టపటపమని చప్పుడు, వెంటనే స్టీరింగ్ బిగుసుకుపోయింది. "రబ్బరు కాలిన వాసన వస్తోంది, ఆపండి" అంది మా ఆవిడ. ముందు దాబా లైట్లు కనబడుతున్నాయి కదా, అక్కడిదాకా లాగిద్దాం అనుకున్నాను. ఆ రెండు కిలోమీటర్లే కొంప ముంచాయి. మా కారులో ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు తిప్పే వాటర్ పంపు కూడా ఆ బెల్ట్ మీదే తిరుగుతుంది. ఇంజిన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోయింది. వెయ్యి రూపాయల బెల్ట్‌కి నాకు వదిలింది 34 వేలు.

ఫ్యాన్ బెల్ట్ అని పేరే గానీ ఇప్పుడు చాలా కార్లలో ఫ్యాన్ కరెంటుతో తిరుగుతుంది. ఈ బెల్ట్ తిప్పేది బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని, ఏసీ కంప్రెసర్‌ని, కొన్నిట్లో వాటర్ పంపుని, స్టీరింగ్ పంపుని. టైమింగ్ బెల్ట్ వేరు, అది కవర్ లోపల ఉంటుంది.

మర్నాడు మెకానిక్ తెగిన బెల్ట్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "అన్నా, వేలితో రుద్ది చూడు." నల్లటి జిగురు బొటనవేలికి అంటుకుంది, సబ్బుతో కడిగినా సాయంత్రందాకా పోలేదు. బెల్ట్ జారుతూ పెట్టే కూత వినబడకుండా కొట్టే స్ప్రే అట. తర్వాత కొత్త బెల్ట్ తీసి పక్కన పెట్టాడు. కొత్తదాని లోపలివైపు పొడవునా ఉండే గాళ్లు (సన్నటి కాలవలు) సన్నగా, కోసుగా ఉన్నాయి. నాదాంట్లో వెడల్పుగా, అడుగు గుండ్రంగా అయిపోయాయి. అసలు మోసపోయింది ఇక్కడే. పాత నియోప్రీన్ రబ్బరు బెల్ట్‌లు ముసలివైతే పగిలేవి. ఇప్పుడొచ్చే ఈపీడీఎం అనే వేరే రకం రబ్బరు అంత తొందరగా పగలదు, టైరులా అరుగుతుంది. గాడి అరిగితే పుల్లీ అంచు నేరుగా అడుగుకి ఆనుతుంది, ఇక పట్టు ఉండదు, జారుతుంది, కాలుతుంది. మా బాబాయి పాఠం తప్పు కాదు, బెల్టే మారిపోయింది. బొటనవేలి పరీక్ష కూడా ఆటోమేటిక్ టెన్షనర్ (బెల్ట్‌ని దానంతటదే బిగించి ఉంచే స్ప్రింగు చెయ్యి) ఉన్న కార్లలో పనికిరాదు.

కాబట్టి చూసేటప్పుడు ఇంజిన్ ఆపి, తాళం మీ జేబులో పెట్టుకోండి. ఫోన్ టార్చ్ వేసి వీపు కాదు, గాళ్లున్న వైపు చూడండి. అంచుల్లో దారాలు లేచాయా, గాళ్ల మధ్య గట్ల నుంచి ముక్కలు ఊడాయా, ఆయిల్ తడి ఉందా, వేలికి జిగురు తగులుతోందా. కొత్త బెల్ట్ వీపు మీద అక్షరాలు స్పష్టంగా ఉంటాయి: 6పీకే1750 అంటే 6 గట్లు, 1750 మి.మీ. పొడవు. నా "మొన్ననే వేసిన" బెల్ట్ మీద ఒక్క అక్షరం మిగల్లేదు. అది చూసైనా అనుమానం రావాల్సింది నాకు.

ఇంకొకటి, నేను వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంది. ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. అరిగిన బెల్ట్ ఎక్కువగా పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద కూస్తుంది. చెప్పకుండా ఉదయాన్నే వెళ్లండి, మీ ముందే స్టార్ట్ చేయమనండి, ఏసీ, హెడ్‌లైట్లు వేసి వినండి. టెన్షనర్ చెయ్యి అదేపనిగా ఊగుతుంటే అదీ మార్చాల్సిందే. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు మాత్రం చున్నీ, చొక్కా చేతులు దగ్గరికి పోనీయకండి.

యార్డుకి ఫోన్ చేస్తే "రబ్బరు సామాన్లు వారంటీలో రావు సార్" అన్నాడు. కాగితం తీసి చూస్తే నిజమే, అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, కింద నా సంతకం కూడా ఉంది. బెల్ట్ వేయించిన బిల్లు చూపించమన్నాను. ఇంతవరకు పంపలేదు.