మెయిల్ రిలే సర్వర్ పెట్టించుకునేవారికి హెచ్చరిక: టెస్ట్ మెయిల్ చేరిందని బిల్లు చెల్లించకండి

బాలానగర్‌లోని మా సంస్థలో స్కానర్లు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, హాజరు యంత్రం పంపే మెయిళ్లన్నీ ఒకే చోటు నుంచి బయటికి వెళ్లేందుకు, హైదరాబాద్‌లోనే ఉన్న ఒక సర్వీసు సంస్థ చేత పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌తో అంతర్గత రిలే సర్వర్ పెట్టించుకున్నాము. వచ్చిన ఇంజినీరు జీమెయిల్‌కు ఒక టెస్ట్ మెయిల్ పంపి, అది చేరిందని చూపించి, సంతకం తీసుకుని వెళ్లారు. కొద్దికాలానికే మా ఇన్‌వాయిస్‌లు వరుసగా తిరిగి రాసాగాయి. చూడగా, మా ఐపీ చిరునామా, స్పామ్ పంపే చిరునామాల జాబితాలు నిర్వహించే స్పామ్‌హాస్ సంస్థ బ్లాక్‌లిస్టులో ఉంది.

ఏ యంత్రాల నుంచి వచ్చే మెయిల్‌ను అభ్యంతరం లేకుండా బయటికి పంపాలో చెప్పే పోస్ట్‌ఫిక్స్ సెట్టింగు 'మైనెట్‌వర్క్స్' వరుసలో, 127.0.0.0/8 (అంటే ఆ సర్వరే)తో పాటు మా ఆఫీసు లాన్ (లోపలి నెట్‌వర్క్) మాత్రమే ఉండవలసింది. అక్కడ 0.0.0.0/0 అని, అంటే ప్రపంచంలోని ఐపీవీ4 చిరునామాలన్నీ మావే అన్నట్లు రాసిపెట్టారు. పైగా, బయటికి పంపడానికే పెట్టిన ఈ సర్వర్‌కు బయటి నుంచి కనెక్షన్ రావలసిన పనే లేకపోయినా, సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ అందించుకునే 25వ పోర్టును రౌటర్‌లో దానికి ఫార్వర్డ్ చేశారు. దీంతో అది ఓపెన్ రిలే (ఎవరి మెయిల్‌నైనా బయటికి పంపే సర్వర్) అయిపోయి, ఊరూ పేరూ తెలియనివారి స్పామ్ మా చిరునామా మీదుగా వెళ్లింది. కొన్ని రౌటర్లు బయటి కనెక్షన్లను తమ సొంత లాన్ చిరునామాతో చూపిస్తాయి కాబట్టి, మైనెట్‌వర్క్స్ సరిచేసి ఊరుకోకుండా ఆ ఫార్వర్డ్‌ను కూడా తీయించాలి.

ఆ సర్వీసు సంస్థను నిలదీస్తే, "మెయిల్ వెళ్తోంది కదండీ, మీ కంప్యూటర్లలోనే వైరస్ ఉండి ఉంటుంది" అన్నారు. జాబితా నుంచి ఐపీని తీయించడానికి విడిగా ఛార్జీ కూడా అడిగారు. తొలగింపుకు స్పామ్‌హాస్ రుసుమేమీ తీసుకోదు; కారణాన్ని సరిదిద్ది వారి సైట్‌లో మనమే అభ్యర్థన పెట్టుకోవచ్చు.

మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డు చివర '+ఆల్' ఉందేమో కూడా చూడండి; అలా ఉంటే మీ డొమైన్ పేరుతో ఏ సర్వరైనా మెయిల్ పంపవచ్చు. జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి పంపేవారందరికీ ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ (మెయిల్‌పై డొమైన్ వేసే డిజిటల్ సంతకం) గానీ ఉండాలనీ, ఐపీకి సరైన పీటీఆర్ రికార్డు (ఆ ఐపీ ఏ పేరుదో చెప్పేది) కావాలనీ అంటోంది. మీ స్టాటిక్ ఐపీకి పీటీఆర్ పెట్టించాలంటే డొమైన్ కొన్నచోట కాదు, ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చినవారిని అడగాలి.

బిల్లు చెల్లించే ముందు పోస్ట్‌ఫిక్స్‌లో మార్చిన సెట్టింగులను చూపే 'పోస్ట్‌కాన్ఫ్ -ఎన్' ఆదేశం ఇచ్చే ఫలితాన్ని రాతపూర్వకంగా తీసుకోండి. 25వ పోర్టును ఆఫీసు బయటి నుంచి మీ ఎదుటే పరీక్షించమనండి; కనెక్షన్ కుదరకూడదు. అనేక మొబైల్, ఇంటి కనెక్షన్లు ఆ పోర్టును తామే ఆపేస్తాయి కాబట్టి, అటువంటి చోటు నుంచి చేసిన పరీక్షను ఒప్పుకోవద్దు.