మొక్కు, వ్రతం, జీవితకాల నియమం: ఏది మేలు?

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ఇళ్లలో కష్టం వచ్చినప్పుడు మొదట వినిపించే మాట "స్వామికి మొక్కుకో" అన్నదే. బిడ్డకు జ్వరం తగ్గకపోయినా, పెళ్లి సంబంధం కుదరకపోయినా, పొలంలో కొత్తగా బోరు వేయించబోతున్నా, పెద్దవాళ్లు పసుపు నీళ్లలో తడిపిన గుడ్డలో నాణెం ఉంచి ముడుపు కట్టిస్తారు. అదే ఇంట్లో కోడలు శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం చేసుకుంటుంది, కొడుకు కార్తికంలో అయ్యప్ప మాల వేసుకుంటాడు, చిన్నాయన కాణిపాకం వెళ్లి ఇకమీదట మద్యం ముట్టనని ప్రమాణం చేసి వస్తాడు. ఇవన్నీ దైవం ఎదుట ఇచ్చిన మాటలే అయినా వాటి పద్ధతులు వేరు, మనిషి మీద మోపే బరువులూ వేరు. కోరిక తీరితే ఇది సమర్పిస్తానన్నది మొక్కు. ఇన్నాళ్లు ఇలా ఉంటానన్నది వ్రతం లేదా దీక్ష. బతికినన్నాళ్లూ ఇలాగే ఉంటానన్నది జీవితకాల నియమం. వీటిలో దేన్ని ఎంచుకోవాలో తెలియక మనసులో మథనపడేవారు చాలామంది ఉన్నారు కనుక, ఆ ఎంపికకు ఉపయోగపడే విషయాలను ఇక్కడ వివరంగా పరిశీలిస్తున్నాను.

ముందుగా మొక్కు సంగతి. కోరికతో ముడిపడింది కాబట్టి అది తక్కువ రకం భక్తి అని, దేవుడితో బేరమాడడమే అని కొందరు చదువుకున్నవారు తీసిపారేస్తారు. ఈ మాటతో నేను ఏకీభవించలేను. భగవద్గీత 7వ అధ్యాయం 16వ శ్లోకంలో తనను సేవించేవారు నాలుగు రకాలని చెబుతూ శ్రీకృష్ణుడు ఆపదలో ఉన్నవాడినే మొదట పేర్కొన్నాడు. ఆ తరువాత తెలుసుకోగోరేవాడు, అర్థాన్ని కోరేవాడు, జ్ఞాని వస్తారు. జ్ఞానిని తన ఆత్మగా చెప్పినప్పటికీ, ఈ నలుగురూ ఉదారులేనని 18వ శ్లోకంలో స్పష్టంగా అన్నాడు. ఆసుపత్రి వరండాలో నిలబడి ఏడుకొండలవైపు తిరిగి దండం పెట్టుకునే తల్లిని నిష్కామభక్తి లేదని తప్పుపట్టే హక్కు మనకెక్కడిది? తిరుమలేశుడికి ఆపదమొక్కులవాడన్న పేరు ఊరికే రాలేదు.

మొక్కుకు మరొక గొప్ప సుగుణం ఉంది. అది పేదవాడికీ అందుతుంది. తలనీలాలకు ధనం అక్కరలేదు; కల్యాణకట్టలో కోటీశ్వరుడూ కూలివాడూ ఒకే వరుసలో కూర్చుంటారు. పూర్తిగా గుండు చేయించుకోలేని స్త్రీలు మూడు కత్తెర్లు ఇస్తారు. అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు నడిచి ఎక్కడం, శ్రీవారి మెట్టు దారిలో సుమారు 2,400 మెట్లు ఎక్కడం, ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమలు పెట్టుకుంటూ పోవడం, పుష్కరిణిలో మునిగి తడిబట్టలతో అంగప్రదక్షిణం చేయడం, ఇవన్నీ శరీరంతో చెల్లించే మొక్కులు. ధనంతో చెల్లించేవి తులాభారం, నిలువుదోపిడి, హుండీలో వేసే ముడుపు. శరీరంతో చెల్లించే మొక్కులే మేలైనవని నా అభిప్రాయం. ఎందుకంటే వాటి భారం మొక్కుకున్నవారి మీద తప్ప మరొకరి మీద పడదు.

మొక్కులో అసలు చిక్కు వచ్చేది ఇక్కడే. ఆపదలో ఉన్న మనసు తన శక్తిని కొలుచుకోదు. భార్య ఒంటి మీది నగలను ఆమెను అడగకుండానే భర్త నిలువుదోపిడికి మొక్కుకుంటాడు. పెద్ద చదువులు చదువుతున్న కూతురు తలనీలాలు ఇస్తుందని తల్లి మొక్కుకుంటుంది, ఆ సంగతి కూతురికి పరీక్ష ఫలితాలు వచ్చాక తెలుస్తుంది. పసిబిడ్డ పుట్టువెంట్రుకలు తీయించడం వేరు, యుక్తవయసు వచ్చిన మనిషి జుట్టును మరొకరు మొక్కుకోవడం వేరు. ఇతరుల తరఫున మాట ఇచ్చి తరువాత చెల్లించలేక సతమతమైన కథ మన వాఙ్మయంలో చాలా పాతది. ఋగ్వేదానికి చెందిన ఐతరేయ బ్రాహ్మణమనే గ్రంథంలో సంతానం లేని హరిశ్చంద్రుడు, కొడుకు పుడితే ఆ కొడుకునే యజ్ఞంలో సమర్పిస్తానని వరుణుడికి మాట ఇస్తాడు. రోహితుడనే కొడుకు పుట్టాక ఆ తండ్రి పది రోజులు గడవనిమ్మంటాడు, పళ్లు రానిమ్మంటాడు, అవి ఊడనిమ్మంటాడు, మళ్లీ మొలవనిమ్మంటాడు, కవచం తొడిగే వయసు రానిమ్మంటాడు. చివరికి కొడుకు అడవికి వెళ్లిపోతాడు, తండ్రి జలోదరంతో బాధపడతాడు, రోహితుడికి బదులుగా నూరు ఆవులకు అమ్ముడుపోయిన శునశ్శేపుడనే పేద బాలుడు బలికి యూపస్తంభానికి కట్టుబడతాడు. ఆ బాలుడు దేవతలను స్తుతించి విడుదల పొందడం, రాజు ఆరోగ్యవంతుడు కావడం ముగింపు. కానీ తండ్రి ఇచ్చిన మాటకు ఇద్దరు కుమారులు ప్రాణభయం అనుభవించారన్న సంగతిని తేలికగా దాటేయకూడదు.

వాయిదా గురించి మన ఇళ్లలో అందరూ విన్న కథ సత్యనారాయణ వ్రతకథలోని వర్తకుడిది. సంతానం కలిగితే వ్రతం చేస్తానన్నవాడు, కూతురు పుట్టాక ఇల్లాలు లీలావతి గుర్తుచేస్తే కూతురి పెళ్లికి చేద్దామన్నాడు, పెళ్లి అయ్యాక మరిచేపోయాడు. మొక్కుకు గడువు పెట్టుకోకపోవడమే ఈ వర్తకుడి లోపమని నాకు అనిపిస్తుంది. "బిడ్డకు నయమైతే కొండకు వస్తాను" అనుకోవడానికీ, "నయమైన ఏడాదిలోపు వస్తాను" అనుకోవడానికీ మధ్య చాలా దూరం ఉంది.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మాత్రం ఈ వాయిదాకు చోటు తక్కువ. ఏటా వేసవిలో చాటింపు వేశాక ఊరివాళ్లు పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదన్న కట్టుబాటు ఉంది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వంటి వేషాలు రోజుకొకటిగా వస్తాయి. వాటిలో ముఖ్యమైన వేషాలు కట్టే బాధ్యత వంశపారంపర్యంగా కైకాల వారిది, మిగిలిన జనమంతా తమ మొక్కు ప్రకారం వేషం కట్టుకుంటారు. మగవాళ్లు చీర కట్టి, నగలు పెట్టుకుని, పూలు ముడుచుకుని అమ్మ దగ్గరికి నడిచిపోతారు. ఇక్కడ మొక్కుకు రోజు ముందే నిర్ణయమై ఉంటుంది, ఊరంతా సాక్షిగా ఉంటుంది. ఒంటరిగా ఇచ్చుకున్న మాటకు లేని బలం ఈ విధానంలో ఉందని ఒప్పుకోక తప్పదు.

ఇక వ్రతం, దీక్ష. వీటిలో ఫలం కోరినా కోరకపోయినా చేయవలసింది ముందే మొదలవుతుంది. దేవుడు ఇచ్చాక ఇవ్వడం కాదు, ముందుగా మనమే మారడం. సంకల్పం చెప్పేటప్పుడు కృష్ణా కావేరీ నదుల మధ్యదేశంలో, ఈ సంవత్సరంలో, ఈ మాసంలో, ఈ తిథిలో, ఈ గోత్రంలో పుట్టిన ఈ పేరుగల నేను ఈ పని చేస్తున్నానని పలుకుతాం. దేశం, కాలం, మనిషి, పని, నాలుగూ తేటతెల్లంగా ఉంటాయి. నోములకూ చాలా వ్రతాలకూ చివర ఉద్యాపన అనే ముగింపు ఉంటుంది, దీక్షకు మాల విరమణ ఉంటుంది. మొదలూ తుదీ తెలిసిన మాటను నిలబెట్టుకోవడం మనిషికి సాధ్యమైన పని.

శాస్త్రం ఇక్కడ చూపిన దయ కూడా గమనించదగినది. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు (హోమద్రవ్యం), బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం, ఈ ఎనిమిదింటి వల్ల వ్రతభంగం కలగదని ప్రసిద్ధమైన శ్లోకం ఉంది. చక్కెర వ్యాధి ఉన్నవారు ఏకాదశినాడు మాత్ర వేసుకోవడానికి, మాత్ర కోసం కొంచెం ఏదైనా తినడానికి భయపడడం చూస్తే బాధ కలుగుతుంది. ఔషధం వ్రతాన్ని చెరపదని శాస్త్రమే చెబుతుండగా ఒంటిని ఎందుకు కష్టపెట్టుకోవాలి? శాస్త్రం చెప్పని ఘోర తపస్సుతో శరీరాన్ని కృశింపజేసేవారిని గీత 17వ అధ్యాయం 5, 6 శ్లోకాలు గట్టిగానే మందలించాయి.

అయ్యప్ప దీక్షలో 41 రోజుల మండలం ఉంది. గురుస్వామి చేత మాల వేయించుకుని, తెల్లవారుజామున చన్నీటి స్నానం, నేల పడక, బ్రహ్మచర్యం, మద్యమాంసాల విసర్జనతో గడిపిన ఆ కాలం ఎందరో ఇళ్లకు ప్రశాంతతను తెచ్చింది. చాతుర్మాస్యంలో శ్రావణాన ఆకుకూరలు, భాద్రపదాన పెరుగు, ఆశ్వయుజాన పాలు, కార్తికాన పప్పుధాన్యాలు వదలడం మరో పద్ధతి. తమిళ సంప్రదాయపు గాలి సోకిన మన ప్రాంతంలో పెరటాసి అనే తమిళ మాసపు శనివారాలు ఒంటిపూట ఉండి, గోవింద నామంతో తళిగ (స్వామికి నైవేద్యం) వేసేవారూ ఉన్నారు. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. అయితే పడిపూజలకు పందిళ్లు, మైకులు, వందలమందికి విందులు తోడై దీక్ష ఖర్చు ఇంటిల్లిపాదిపై పడుతున్న మాట నిజం. మండలం పూర్తిగా చేయలేక కొద్దిరోజుల ముందు మాల వేసుకుని బయలుదేరడం కూడా పెరిగింది. నలభై ఒక్క రోజులు కుదరనప్పుడు, కుదిరినంత చిన్న వ్రతాన్ని పూర్తిగా చేయడం మేలని నా నమ్మకం.

జీవితకాల నియమం మూడవది. కాణిపాకం వరసిద్ధి వినాయకుడి ఎదుట అబద్ధం ఆడరన్న నమ్మకం మన ప్రాంతంలో ఎంత బలమైనదంటే, డబ్బు తగాదా వచ్చినా, భూమి సరిహద్దు గొడవ వచ్చినా "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అన్న సవాలుతోనే ఎదుటివాడు వెనక్కి తగ్గడం ఉంది. వ్యసనాలు మానుకుంటామని అక్కడే మాట ఇచ్చేవారూ ఉన్నారు. ఆ మాట నిలబెట్టుకుని ఇల్లు నిలబెట్టినవారిని చూస్తే చేతులెత్తి మొక్కబుద్ధి అవుతుంది. కానీ మద్యానికి శరీరం అలవాటుపడిపోయినవాడు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛ వంటి ప్రమాదాలు రావచ్చు. అలాంటివాడిని ప్రమాణానికి తీసుకువెళ్లే బంధువులు ముందుగా వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి. పైగా ఏదో ఒక రోజు మాట తప్పితే, దేవుడి ముందు అపరాధినన్న కుంగుబాటుతో ఆ మనిషి మళ్లీ మరింతగా తాగుడులో పడిపోవచ్చు. భీష్ముడి ప్రతిజ్ఞను ఆదర్శంగా చెప్పుకుంటాం కానీ, ఆ ప్రతిజ్ఞ అతనిని నిండు సభలో ద్రౌపది పరాభవం జరుగుతున్నప్పుడు కూడా సింహాసనానికే కట్టిపడేసిందన్న సంగతి మహాభారతం దాచలేదు. తుది లేని మాట ఇచ్చేముందు, రేపు ఎలాంటి పరిస్థితి వస్తుందో మనకు తెలియదని గుర్తుంచుకోవాలి. కాశీలో ఒక కాయనో పండునో వదిలివచ్చే ఆచారం ఇలాంటిదే అయినా చిన్నది, ఎవరికీ హాని లేనిది. దానిని ఇష్టమైన వస్తువుతో చేసినప్పుడే దానికి అర్థముంది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నా ఓటు వ్రతానికే. ఆపద ముంచుకొచ్చిన క్షణంలో మాత్రం మొక్కే సహజం, వద్దనడం అమానుషం. అప్పుడు చేయదగిన మంచిపని, మొక్కును వ్రతంతో కలపడం. బంగారం వేస్తాననే బదులు ఏడు శనివారాలు ఒంటిపూట ఉండి, చివరి శనివారం కొండ నడిచి ఎక్కుతాననుకోవచ్చు. ఆడికృత్తికకు తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామికి కావడి మోసేవారు చేసేది అచ్చంగా ఇదే. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది కాబట్టి, ఆ మొక్కు మనవాళ్లకు ఇంటి మొక్కే. మొక్కుకున్నది కావడి, కానీ దానికి ముందు ఉపవాసం, నియమం, పసుపు బట్టలు అన్నీ ఉంటాయి. చెల్లింపే ఒక వ్రతమైపోతుంది, ఖర్చు శక్తిని మించదు, ముగిసే రోజు ముందే తెలుసు.

జీవితకాల నియమం కోరుకునేవారు దాన్ని నేరుగా పట్టుకోకుండా, ముందు ఒక మండలం, తరువాత ఒక చాతుర్మాస్యం, ఆపైన ఒక సంవత్సరం అని మెట్లుగా వేసుకోవడం మంచిది. ఏడాది పాటు మద్యం లేకుండా నిలిచినవాడు కాణిపాకంలో చేసే ప్రమాణానికి అనుభవం అండగా ఉంటుంది.

ఒక ప్రశ్న మిగిలింది. తాతలు మొక్కుకుని చెల్లించకుండా పోయిన మొక్కులు మనుమల్ని పీడిస్తాయేమోనని ఎన్నో ఇళ్లలో ఒక దిగులు ఉంది. మొక్కు ఏమిటో స్పష్టంగా తెలిస్తే, ఇంటివారు శక్తికొలది చెల్లించడం మన ఆచారం. ప్రయాణం చేయలేనివారు తిరుమల దేవస్థానం ఈ-హుండీ ద్వారా కానుక పంపవచ్చు. ఏమి మొక్కుకున్నారో ఎవరికీ గుర్తులేకపోతే, పెద్దల పేరు చెప్పి ఒక కొబ్బరికాయ కొట్టి, వారి తరఫున అన్నదానానికి తోచినంత ఇచ్చి, ఆ భయాన్ని అక్కడితో వదిలేయాలి. ఇకమీదట ముడుపు కట్టే ప్రతి ఇల్లూ ఆ రోజే ఒక కాగితం మీద ఏ దేవుడికి, ఎవరు, ఏమి, ఎప్పటిలోగా అన్న నాలుగు మాటలు రాసి, ముడుపుతో పాటే పూజగదిలో భద్రపరచాలి. ఆ కాగితం రాసేముందు, అందులో పేరున్న మనిషిని అడిగి ఒప్పించుకోవాలి.