ఓడలో ఓట్ల లెక్కింపు

మా మామగారికి తెనాలిలో కాఫీ కంటే ముందు టీవీ కావాలి. వార్తలు ఆయనకు కాలక్షేపం కాదు, ఉద్యోగం. అలాంటి మనిషిని 2024 జూన్ 1న సియాటిల్‌లో అలాస్కా ఓడ ఎక్కించాం. ఏడు రాత్రుల ప్రయాణం. టిక్కెట్లు ముందు ఏడాది కొన్నవి, జూన్ 4న మన అసెంబ్లీ, లోక్‌సభ ఓట్ల లెక్కింపు పెడతారని అప్పుడు ఎవరికి తెలుసు? బయల్దేరే రోజు ఉదయం ఆరింటికే సియాటిల్ పక్క బోతెల్‌లోని మా ఇంట్లో ఎగ్జిట్ పోల్స్ ముందు కూర్చుని, తలో లెక్క చెబుతున్న సంస్థలన్నిటినీ సమానంగా తిట్టి, "లెక్కింపు నాడు మనం ఎక్కడ ఉంటాం అమ్మాయీ?" అని అడిగారు. సముద్రంలో అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అత్తయ్యగారికీ ఆయనకూ కిటికీ లేని లోపలి గది తీసుకున్నాం, మాకు బాల్కనీ గది. ఇద్దరి గదుల్లోనూ టీవీ ఒకటే రకం. తెలుగు మాట దేవుడెరుగు, భారతీయ ఛానలే లేదు. సగం ఛానళ్లు ఓడవాళ్ల సొంత గోల: రేపు దిగే ఊళ్లో వజ్రాలు ఎక్కడ కొనాలి, రాత్రి ఏ ఆట ఉంది, ప్రమాదం వస్తే లైఫ్ జాకెట్ ఎలా తొడుక్కోవాలి. వార్తలకు బీబీసీ ఒకటి, అమెరికన్ ఛానళ్లు మూడు. మావారు ఇంటి నుంచి ఫైర్‌స్టిక్ తెచ్చారు, టీవీకి గుచ్చితే ఇంటర్నెట్‌లో ఛానళ్లు చూపించేది. టీవీ వెనక చేయి దూర్చి, మోచేయి గీరుకుని, మొత్తానికి గుచ్చారు. తీరా చూస్తే రిమోట్‌లో ఇన్‌పుట్ మార్చే బటనే లేదు. ఆ స్టిక్ మళ్లీ సూట్‌కేసులోకి వెళ్లింది. మీరు తీసుకెళ్లే పనైతే దాని బదులు ఇంకో స్వెట్టర్ పెట్టుకోండి.

అయితే ఒక ఛానల్ మాత్రం మా ఇంటిల్లిపాదికీ నచ్చింది: ఓడ ముక్కున బిగించిన కెమెరా. దాని పక్కనే ఇంకో ఛానల్లో పటం, ఓడ వేగం, గాలి తీరు. లోపలి గదిలో తెల్లవారిందో లేదో తెలియదు. అత్తయ్యగారు లేవగానే ఆ కెమెరా పెట్టి, వెలుతురు చూసి, అప్పుడు స్నానానికి వెళ్లేవారు. బాల్కనీకి మేము పోసిన డబ్బు తలచుకుంటే, వాళ్ల గదే లాభం అనిపించింది.

జూన్ 3 మధ్యాహ్నం అలాస్కా రాజధాని జూనోలో దిగాం. మెండెన్‌హాల్ హిమానీనదం చూసి బస్సులో తిరిగి వచ్చేసరికి ఆరు దాటింది. అక్కడ సాయంత్రం ఆరున్నర అంటే మనకు మర్నాడు ఉదయం ఎనిమిది. రేవు పక్కన బెంచీ మీద మామగారు చెప్పులు విడిచి, కాళ్లు మడిచి కూర్చున్నారు, మావారి ఫోను మోకాలికి ఆనించి. మొదట పోస్టల్ బ్యాలెట్లు, అరగంట తర్వాత యంత్రాలు. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిదైనా చీకటి పడదు. వెనక పర్యాటకులు ఐస్‌క్రీములు తింటూ పోతున్నారు, ఈయన మాత్రం "రెండో రౌండు" అని గట్టిగా ప్రకటిస్తున్నారు. ఓడ ఎక్కే గడువు దగ్గర పడింది. "ఒక్క రౌండు ఆగరా" అని కొడుకును బతిమాలారు. మూడు వేలమందిని మోసే ఓడ తెనాలి మూడో రౌండు కోసం ఆగదు కదా.

ఓడ రేవు దాటి లిన్ కెనాల్‌లోకి మళ్లాక ఫోన్లో సిగ్నల్ గీతలన్నీ పోయాయి. కాలువ అని పేరే గానీ అది సముద్రపు పాయ, రెండు వైపులా నిట్టనిలువు కొండలు. బీబీసీ పెడితే బొమ్మ బిగుసుకుపోయింది. టీవీ సంకేతాలు వచ్చేది భూమధ్యరేఖ పైన సుమారు 35,800 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహాల నుంచి. తెనాలిలో మన డాబా మీది డిష్ తలెత్తి ఆకాశాన్ని చూస్తుంది. 58 డిగ్రీల ఉత్తరాన అదే డిష్ తల బాగా వంచి దక్షిణాన కొండల అంచు వైపు చూడాలి. మధ్యలో ఒక్క కొండ అడ్డొచ్చినా అంతే. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తునే తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాలతో ఇప్పుడు చాలా ఓడల్లో ఇంటర్నెట్ మెరుగుపడిందంటారు. మా ఓడలో టీవీకి ఆ యోగం పట్టలేదు.

ఇంక చేసేది లేక ఒక ఫోనుకు ఒక రోజు ఇంటర్నెట్ కొన్నాం, పాతిక డాలర్ల పైమాటే. ఓడ ఎక్కకముందే కొని ఉంటే తగ్గింపు వచ్చేదని కౌంటరులో అమ్మాయి తీరిగ్గా చెప్పింది. అందులోనూ చవకరకంలో వీడియో రాదు, అక్షరాలే వస్తాయి. మామగారు గంటసేపు అంకెలు చదివి, "యాంకర్ అరవకపోతే ఇది లెక్కింపులా లేదురా" అని పడుకున్నారు. ఒక జాగ్రత్త చెప్పాలి. ఆయన ఇండియా సిమ్మును మొదటి రోజే విమానం మోడ్‌లో పెట్టేశాం. నడిసముద్రంలో ఓడ సొంత సెల్ నెట్‌వర్కు దానంతటదే పట్టుకుంటుంది, దాని బిల్లు టిక్కెట్టు ధరతో పోటీ పడగలదు.

తెల్లవారి ఏడింటికి స్కాగ్వే. వెయ్యి పైచిలుకు జనాభా ఉన్న ఊరికి ఆ రోజు మాతో కలిపి నాలుగు పెద్ద ఓడలు. అందరూ ఒకేసారి ఫోన్లు తీస్తే పాపం ఆ ఊరి టవరు ఏం చేస్తుంది? అయినా ఫలితం తెలిసింది: రాష్ట్రంలో 175కి కూటమికి 164, లోక్‌సభలో బీజేపీకి 240. మామగారు ఎవరికి వేశారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కాఫీ మాత్రం రెండుసార్లు తాగారు.

ఆ ఊళ్లో విన్న కథ ఒకటి ఆయనకు అక్కడ మేం ఎక్కిన కొండ రైలు ప్రయాణం కంటే నచ్చింది. 1898 ప్రాంతంలో, బంగారం వేట రోజుల్లో, సోపీ స్మిత్ అనే మోసగాడు అక్కడ టెలిగ్రాఫ్ ఆఫీసు తెరిచి, ఇంటికి కబురు పంపడానికి మనిషికి అయిదు డాలర్లు వసూలు చేసేవాడట. తీగ గోడ దాటి ఎక్కడికీ వెళ్లేది కాదు. ఆ ఊరికి అసలు టెలిగ్రాఫ్ 1901లో గానీ రాలేదు. "అప్పటి ఎగ్జిట్ పోల్స్ అన్నమాట" అన్నారు మామగారు.

మర్నాడు గ్లేసియర్ బే జాతీయ పార్కు. రోజుకు రెండు పెద్ద ఓడలనే రానిస్తారు, పార్కు రేంజర్లు ఓడలోకే వచ్చి మైకులో వివరిస్తారు. అక్కడ ఫోన్లో గీత అన్నది కనిపించదు. మార్జెరీ హిమానీనదం ముందు ఓడ ఆగితే, మంచు పెళ్ల విరిగి పడిన చప్పుడు ఉరుములా వినిపించింది. డెక్కు మీద అత్తయ్యగారు శాలువా కప్పుకుని గంటన్నర నిలబడ్డారు. మామగారేమో చలికి గదిలోకి పోయి అదే హిమానీనదాన్ని టీవీలో చూశారు, రేంజరు మాటలు అక్కడ స్పష్టంగా వినిపిస్తాయని ఆయన వాదన. నిజమే, వినిపిస్తాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర మాకు వడ్డించే ముంబయి కుర్రాడు ఈయన తంటాలు విని, మర్నాడు నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తెచ్చి ఇచ్చాడు. సిబ్బంది భోజనశాలలో ఏ దేశంవాళ్లకు ఆ దేశం వార్తలు రెండేసి పేజీలు అచ్చువేసి పెడతారట. మనకు ఇచ్చే టీవీ కంటే వాళ్లకు ఇచ్చే కాగితమే మేలు. రిసెప్షన్‌లో నేను అడిగితే అమెరికా వార్తల పేజీ ఇచ్చారు తప్ప ఇది ఉందని ఎవరూ చెప్పలేదు. న్యూయార్క్‌లో టీ20 ప్రపంచకప్ క్రికెట్‌లో మనమీద ఐర్లాండ్ 96కే ఆలౌటైందని మావారు అందులోనే తెలుసుకున్నారు. మామగారు కళ్లద్దాలు సవరించుకుని రెండు పేజీలూ చదివి, తిప్పి వెనక వైపు కూడా చూశారు.

"తెనాలి మెజారిటీ వేయలేదే" అన్నారు.