బుఖారాలో ఫిత్రత్ కోసం వెళ్తే గైడు అక్కర్లేదు

ఉజ్బెకిస్తాన్‌లోని బుఖారాలో రచయిత ఫిత్రత్ తిరిగిన చోట్లన్నీ చూపిస్తానని 40 డాలర్లు తీసుకున్న గైడు, మూడు గంటల్లో రెండు గంటలు తివాచీల కొట్లలోనే కూర్చోబెట్టాడు. అబ్దురవూఫ్ ఫిత్రత్ సంగతి అడిగితే "పెద్ద కవి" అని ఊరుకున్నాడు. ఆధునిక ఉజ్బెక్ నాటకానికి పునాది వేసినవాళ్లలో ఆయనొకరు. 1922లో బుఖారా ప్రజా సోవియట్ రిపబ్లిక్‌కి విదేశాంగ మంత్రి. మన దేశాన్నే రంగస్థలంగా చేసుకుని 'హింద్ ఇఖ్తిలోల్చిలరి' అని, అంటే భారత విప్లవకారుల మీద, నాటకం రాశాడు. అలాంటివాడికి సొంత ఊళ్లో ఈ గతా? ఆ 40 డాలర్లు జేబులో ఉంచుకుని మీరే తిరగండి.

ముందు మీర్-ఇ-అరబ్ మదరసా. ఆయన చదివింది ఇక్కడే. ఇప్పటికీ పాఠాలు జరుగుతున్నాయి కాబట్టి బయటివాళ్లని వాకిలి దాటనివ్వరు. అక్కడి జాలీలోంచి లోపలి ముంగిలి చూసి రావడమే.

ఎక్కువ సమయం ఆర్క్ కోటకి ఉంచుకోండి. 1924లో అచ్చయిన ఆయన నాటకం 'అబుల్ఫైజ్ ఖాన్' కథానాయకుడు ఏలింది ఈ కోట నుంచే. 1739లో ఢిల్లీని దోచిన నాదిర్ షా మరుసటి ఏడే ఈ ఖాన్‌ని లొంగదీశాడు. 1747లో సొంత కొలువులోని ముహమ్మద్ రహీమ్ చేతుల్లోనే ఖాన్ ప్రాణం పోయింది. పట్టాభిషేక ప్రాంగణంలో 1669 నాటి పాలరాతి సింహాసనం ఎదురుగా నిలబడితే, ఆ నాటకం ఎవరి గురించో ఇట్టే బోధపడుతుంది. కోట వెనక భాగమంతా 1920లో ఎర్రసైన్యం దాడికి కూలిన మట్టిదిబ్బలే. బుఖారాను ఏలుతున్న అమీరు పారిపోయాక ఏర్పడిన ప్రభుత్వంలోనే ఫిత్రత్ మంత్రి అయ్యాడు. 1923లో ఆయన్ని పదవి నుంచి తీసేసి మాస్కో పంపేశారు.

సాయంత్రం ల్యాబి హౌజ్ కోనేటి గట్టున కూర్చోండి. ఇస్తాంబుల్లో ఉండగా రాసిన పుస్తకంలో ఫిత్రత్ ఒక భారతీయ యాత్రికుడి నోట బుఖారా దురవస్థనంతా చెప్పించాడు. ఆ రోజుల్లో ఊరంతా తాగింది ఇలాంటి కోనేళ్ల నీళ్లే. వాటివల్లే నారికురుపు పురుగు అంటుకునేది.

కొట్ల దగ్గర మొహాలు ముడుచుకున్న మావాళ్లు మళ్లీ మాట కలిపింది ఓషి సోఫీ, అంటే బుఖారా పులావు, తిన్నాకే. అడుగున మాంసం, పైన క్యారెట్, ఆ పైన బియ్యం. కలపకుండా వండుతారు, అవిసె నూనె వాడతారు. ప్లేటు 45,000 సోమ్‌లు. మధ్యాహ్నం రెండయ్యేసరికి గిన్నె ఖాళీ, కాబట్టి పన్నెండున్నరకే వెళ్లండి. గొడ్డుమాంసమా, గొర్రెమాంసమా అని అడిగి తీసుకోండి.

తాష్కెంట్ నుంచి అఫ్రోసియోబ్ అనే వేగపు రైల్లో దాదాపు నాలుగు గంటలు. టికెట్లు త్వరగా అయిపోతాయి. స్టేషను ఊళ్లో కాదు, కాగాన్‌లో ఉంది. బయట డ్రైవర్లు లక్ష సోమ్‌లు అడిగారు. యాండెక్స్ గో ట్యాక్సీ యాప్‌లో 35,000కి తేలింది. ఈ-వీసా 20 డాలర్లు. బసలో ఇచ్చే రిజిస్ట్రేషన్ చీటీ పారేయకండి.

తిరుగుదారిలో తాష్కెంట్‌లో షహీద్లర్ ఖోతిరాసికి, అంటే అమరుల స్మారకానికి, తప్పక వెళ్లండి. స్టాలిన్ కాలంలో, 1938 అక్టోబరు 4న, తోటి రచయితలు చోల్పాన్, ఖాదిరీలతో పాటు ఫిత్రత్‌నీ కాల్చేశారు. అణచివేతకు బలైనవాళ్ల మ్యూజియం అక్కడే బోజ్‌సూ కాలువ ఒడ్డున ఉంది. బోదొమ్‌జోర్ మెట్రోలో దిగి నడిచి వెళ్లొచ్చు. సోమవారం సెలవు.