స్నాతకోత్సవానికి ఏది మేలు: నల్ల గౌనా, చేనేత ఉత్తరీయమా?

స్నాతకోత్సవానికి చేనేత వస్త్రాలు వాడమని 2019లో యూజీసీ విశ్వవిద్యాలయాలను కోరింది. అప్పటినుంచీ ఏటా ఇదే ప్రశ్న. జవాబులన్నీ ఎండ దగ్గరో, తెల్లవాళ్ల పాలన దగ్గరో ఆగిపోతాయి. రెండూ నిజమే. మధ్యయుగపు పారిస్, ఆక్స్‌ఫర్డ్‌లలో చలికి కప్పుకున్న పొడవాటి అంగీయే గౌను, తలమీది ముసుగే నేడు మెడనుంచి వీపుమీదికి వేలాడే హుడ్. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ నమూనాలో వెలిశాయి, ఈ వేషం ఆ దారినే మనకొచ్చింది.

అయితే నా లెక్కలో తేల్చాల్సింది వేరు: మనిషిని చూడగానే ఏ పట్టా, ఏ శాఖ అన్నది తెలుస్తోందా?

శాఖలు పెరిగేకొద్దీ దుస్తులకు ఆ పని పడింది. 1895లో మొదలై తర్వాత సవరణలు పొందిన అమెరికా పద్ధతి ఇందులో గట్టిది. హుడ్ పొడవు బ్యాచిలర్‌కు 3 అడుగులు, మాస్టర్‌కు మూడున్నర, డాక్టర్‌కు 4. వెల్వెట్ అంచు వరుసగా 2, 3, 5 అంగుళాలు. ఆ అంచు రంగు శాఖను చెబుతుంది: ఇంజనీరింగుకు నారింజ, సైన్సుకు బంగారు పసుపు. లోపలి సిల్కుది విశ్వవిద్యాలయం రంగు. వీపుమీద ఆ సిల్కు బయటికి తిప్పకపోతే అది కనిపించదు. బరువంతా వెనక్కి లాగి గొంతు నొక్కుతుంది కాబట్టి ముందున్న దారపు ఉచ్చును చొక్కా గుండీకి తగిలించాలి. చీరకైతే పిన్నీసే గతి.

అందరికీ ఒకే ఉత్తరీయం కప్పితే ఈ సమాచారమంతా పోతుంది. అయినా నా మొగ్గు ఉత్తరీయానికే, రంగుల్ని సరైన చోట పెడితే. పొరపాటు జరిగేది అంచు దగ్గరే. నిలువు అంచు రంగు పడుగులో, అంటే మగ్గం మీద పొడవునా బిగించే దారాల్లో ఉంటుంది. శాఖకో రంగు కావాలంటే శాఖకో పడుగు పోయాలి. ముప్పై మంది ఉన్న శాఖకు అది గిట్టదు. అంచు అందరికీ ఒకటే ఉంచి, శాఖ రంగును చెంగుల్లో అడ్డపట్టీలుగా వేయించాలి. అది పేక (అడ్డదారం) పని, అడ్డదారాన్ని మోసే నాడెలో దారం చుట్టిన కండె మారిస్తే చాలు. బ్యాచిలర్‌కు ఒక పట్టీ, మాస్టర్‌కు రెండు, డాక్టర్‌కు మూడు. రెండు భుజాల మీదుగా వేసి చెంగులు రెండూ ముందుకు వదిలితే పట్టీలు దూరానికీ కనిపిస్తాయి. పట్టు జారుతుంది, గంజి పెట్టిన నూలు నిలుస్తుంది.

ఉత్తరీయం బదులు మెడలో వేసే శాటిన్ పటకా చవక, అంతే. జడ వేసుకున్న తలమీద గౌనుతో పెట్టుకునే పలక టోపీ నిలవదు, మానేయొచ్చు.

శాఖలవారీగా, పట్టాలవారీగా ఎన్ని కావాలో లెక్క మగ్గం ఎక్కకముందే నేతగాళ్లకు చేరాలి. చెంగు నేశాక పట్టీ కలపడం కుదరదు.