తిమ్మమ్మ మర్రిమాను: ఏ కాలంలో వెళ్లాలి, ఎక్కడ దిగాలి

అనంతపురంలో పుట్టి పెరిగినా తిమ్మమ్మ మర్రిమానును శివరాత్రి జాతరలో తప్ప చూడనివాళ్లు చాలామంది. మొక్కు ఉంటే అప్పుడే వెళ్లాలి, కాదనను. చెట్టు కింద తీరిగ్గా తిరగాలంటే మాత్రం ఆ రోజు వద్దు. ఊడల కంటే జనమే ఎక్కువ కనిపిస్తారు.

2022లో జిల్లాలు విడదీశాక ఇది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, మా నోట ఇంకా అనంతపురం మర్రిమానే. ఐదెకరాల దాకా పరుచుకుని 1989లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది. భర్తతో సహగమనం చేసిన తిమ్మమ్మ చితికి పాతిన గుంజే చిగురించి ఇంత మానైందని ఇక్కడి నమ్మకం. లోపల ఆమెకు గుడి ఉంది. పిల్లలు లేని దంపతులు వచ్చి మొక్కుకుంటారు.

ఎండాకాలం మొదట్లో వెళ్తే ముదురాకు రాలి, ఎర్రటి చిగురు వేస్తూ ఉంటుంది. పండ్ల కోసం పిట్టల గోల. బయట ఎండ మాడుస్తున్నా లోపల హాయిగా ఉంటుంది. అయినా నా ఓటు అక్టోబరుకే. వానలు పడ్డాక చుట్టూ గుట్టలు పచ్చబడతాయి, దుమ్ము అణుగుతుంది, ఊడల కొసలు లేతగా సాగుతుంటాయి.

గుడి దగ్గర దండం పెట్టుకుని వెనక్కి తిరగొద్దు, అంచుల దాకా నడవండి. ఈ చెట్టు వయసు తెలిసేది అక్కడే. కొమ్మ సాగేకొద్దీ బరువెక్కుతుంది, ఊడ నేలలో పాతుకుంటే గానీ దానికి ఆసరా ఉండదు. అందుకే లేత ఊడలను మట్టి నింపిన వెదురు బొంగుల్లోంచి కిందికి దించుతారు. మనిషైనా చెట్టైనా ముసలితనంలో ఎవరో ఒకరు చూసుకోవాలి కదా! ఆ ఊడలు పట్టుకుని ఉయ్యాలలూగేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

బసకు పాతిక కిలోమీటర్ల దూరంలోని కదిరే మేలు. మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లకు మాత్రం రెండుసార్లు కిందికి దిగి అడగాల్సి వచ్చింది. పొద్దున్నే నరసింహస్వామి దర్శనం, తర్వాత ఉగ్గాని బజ్జీ, ఆపైన మర్రిమాను. ఈ వరస బాగా కుదిరింది. సొంత బండి ఉంటే అనంతపురం నుంచి ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. ఆటో అయితే వెయిటింగ్‌తో కలిపి రేటు కదిరిలోనే తేల్చుకోండి. నీళ్లు వెంట తీసుకెళ్లండి. తినే సరుకు మాత్రం సంచిలోంచి బయటికి తీయొద్దు, కోతులున్నాయి.